ఫకీరవ్వ ఇచ్చిన జాగా

సంకనకొప్పలో ఐదు వందల విస్తళ్లు దాటే పెళ్లి ఎవరింట జరిగినా పొయ్యి వెలిగించేది ద్యామవ్వే. ఎన్ని సేర్ల గోధుమలు నానబెట్టాలో ఆమెకు ఎవరూ చెప్పేవారు కాదు. వియ్యాలవారి ఊరు పేరు చెబితే చాలు. "ఆ ఊరోళ్లు హుగ్గి మీద పడతారు, పప్పు సారు ముట్టుకోరు" అని తానే ఒక లెక్క వేసుకునేది. ముప్పై ఏళ్లలో ఆమె వండిన హుగ్గి, అదే గోధుమ పాయసం, ఒక్కసారీ అడుగంటలేదు, ఒక్కసారీ చాలకపోలేదు, సొంత కూతురి పెళ్లిలో తప్ప.

ఆ పెళ్లి తాముండే సున్నపు గేరిలో, నడివీధి పందిట్లో జరిగింది. వైశాఖ మాసం. తలంబ్రాలకు ఇంకా గంట ఉందనగా పడమటి నుంచి మబ్బు లేచింది. చూస్తుండగానే పందిరి గుడ్డ చిరిగి పక్క మిద్దె మీద పడింది. రెండు గంగాళాల హుగ్గిలో వాన నీళ్లు నిండాయి. ద్యామవ్వ కొంగు నెత్తిన వేసుకుని వర్తకుల కల్యాణ మంటపానికి పరిగెత్తింది. ఆ రోజు అక్కడ పెళ్లి ఏదీ లేదు. పదేళ్లుగా ఆ మంటపం వంటశాలలో వండుతున్న మనిషి ఆమె. మేనేజరు ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు.

"ద్యామవ్వా, నీకు కాదంటానా. వెనక తలుపు నుంచి నువ్వు ఎప్పుడైనా రా. మీ గేరి పెళ్లి ముందు తలుపు నుంచి లోపలికొస్తే రేపు నా ఉద్యోగం ఉంటాదా, నువ్వే చెప్పు" అన్నాడు.

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే ఆమె కూడా నాలుగు తిట్టి వచ్చేది. మంచినీళ్లు తాగిన నోటితో ఏమీ అనలేక తిరిగి వచ్చింది. కూతురు రేణవ్వ పెళ్లి ఎవరిదో వసారాలో అయిపోయింది. చుట్టాలు గోనె పట్టాలు కప్పుకుని చూరుల కింద నిలబడి, మిగిలిన చపాతీలు తిన్నారు. పెళ్లికొడుకు తల్లి బండి ఎక్కుతూ, "ఊరంతటికీ వండి పెట్టే ఆమె ఇంట్లో వాన నీళ్లు తాగి పోతున్నాం" అంది. ఆ మాట రేణవ్వను అత్తింట్లో చాలా ఏళ్లు వెంటాడింది.

సున్నపు గేరి అంటే ఒకప్పుడు సున్నం కాల్చినవాళ్ల వీధి. సిమెంటు వచ్చాక బట్టీలు ఆరిపోయాయి. మగవాళ్లు గోడలు కట్టే గౌండి పనికీ హమాలీకీ పోయారు. నూట పది ఇళ్లలో ఎవరింట్లోనూ నలభై మంది కూర్చునే చోటు లేదు. పెళ్లి అయినా పంచాయితీ అయినా వీధే. బండి వస్తే లేచి దారి ఇవ్వాలి.

గేరిలో మొదట చదువుకున్నవాడు హాలప్ప మాస్తరు. ప్రైమరీ బడిలో పంతులు. ఆయనే చెప్పాడు, చిన్న టౌన్లలో సముదాయ భవనాలు కట్టడానికి సర్కారు గ్రాంటు ఇస్తోందని. సంఘం ఒకటి రిజిస్టరు కావాలి, అధ్యక్షుడు కావాలి, అర్జీ కావాలి. మగవాళ్లను అధ్యక్షులను చేస్తే నెలలోపే రెండు పార్టీలవుతారని తెలిసి, అందరూ కలిసి ద్యామవ్వను చేశారు. ఆమెకు పేరు రాయడం తప్ప అక్షరం రాదు. ఆ పేరును కూడా మాస్తరే నేర్పాడు. బొగ్గుతో వంటింటి గోడ మీద రాసి రాసి నేర్చుకుంది.

అక్కడి నుంచి ఎనిమిదేళ్లు తిరిగింది. మొదటి అర్జీ కనబడకుండా పోయింది. రెండో అర్జీ దొరికింది గానీ, అది పక్క తాలూకా కట్టలో దొరికింది. మూడోది పెట్టినప్పుడు ఆఫీసరు మారాడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు గేరికి వచ్చి కొబ్బరికాయ కొట్టి, "వచ్చే ఏడు ఈ పాటికి భవనంలో కూర్చుని మాట్లాడుకుందాం" అని పోయేవారు. పెళ్లిళ్ల కాలంలో ద్యామవ్వ రాత్రంతా వండి, పొద్దున మొదటి బస్సుకు గదగ్‌లోని జిల్లా ఆఫీసుకు పోయి, గోడకు ఆనుకుని కునికిపాట్లు పడేది. బంట్రోతులకు ఆమె బాగా తెలిసిపోయింది. "హుగ్గక్క వచ్చింది, కుర్చీ వెయ్యండ్రా" అనేవారు. కుర్చీ మాత్రం వేసేవారు కాదు.

తొమ్మిదో ఏట ఫైలు కదిలింది. ఇంజనీరు నదాఫ్ అని ఒకాయన కొత్తగా వచ్చాడు. నడి వయసు మనిషి, మాట తక్కువ, చెప్పింది చేసే రకం. ఆయన ఫైలు మొత్తం చదివి తలెత్తి, "అంతా బాగుంది అక్కా. జాగా ఎక్కడ?" అని అడిగాడు.

జాగా సంఘం పేరు మీద ఉండాలి. రోడ్డుకు ఆనుకుని ఉండాలి. గేరిలో అటువంటి ఖాళీ ఒక్కటే ఉంది, ఫకీరవ్వ బట్టీ దొడ్డి.

ఫకీరవ్వ ద్యామవ్వకంటే పదేళ్లు పెద్ద. మొగుడు బట్టీ పొగకు దగ్గి దగ్గి పోయాడు. పిల్లలు లేరు. ద్యామవ్వతో పాటు పెళ్లిళ్లకు వచ్చి రొట్టెలు తట్టేది. ఆమె తట్టిన జొన్న రొట్టెను ఎత్తి వెలుతురుకు పడితే అవతలి మనిషి ఆనవాలు తెలిసేదని చెప్పుకునేవారు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు, మాట్లాడితే తగిలేది. ఒకసారి పెళ్లి పెద్ద ఒకాయన రొట్టెలు ఆలస్యమయ్యాయని కసిరితే, "పెళ్లికూతురిని వెతకడానికి ఏడేళ్లు ఆగినావు, రొట్టెకు ఏడు నిమిషాలు ఆగలేవా" అంది. ఆయన నవ్వలేక ఏడవలేక పోయాడు. పొయ్యి ముందు ఇరవై రెండేళ్లు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ద్యామవ్వను "ద్యామీ" అని పిలిచే మనిషి ఊరిలో ఆమె ఒక్కతే మిగిలింది.

నదాఫ్ టేపు పట్టుకుని కొలిచాడు. దొడ్డి సరిపోయింది. కానీ రోడ్డు పక్క ఫకీరవ్వ ఇల్లుంది, రెండు అంకణాల మట్టి మిద్దె. అది తీస్తేనే భవనానికి ముఖం వస్తుంది. ఆయన టేపు చుట్టుకుంటూ ఆ మాట చెప్పి, ముసలామెను చూసి, "మీరు మాట్లాడుకోండి" అని జీపు ఎక్కాడు.

మరునాడు గేరి అంతా ఫకీరవ్వ వాకిట్లో చేరింది. ద్యామవ్వ ఆమె పక్కన గడప మీద కూర్చుంది.

"అక్కా, భవనం వెనక పక్కన నీకు ఒక గది వేయిస్తాను. నువ్వు ఉన్నన్నాళ్లూ అది నీదే. తాళంచెవి నీ నడుముకే. నిన్ను అడక్కుండా ఎవరూ ఆ భవనంలో అడుగు పెట్టరు" అంది.

"పొయ్యి పెట్టుకోవచ్చునా?" అని అడిగింది ఫకీరవ్వ.

"పెట్టుకో."

"కిటికీ బట్టీ పక్కకు పెట్టించు. ఆయన ఆ పక్కనే కూర్చుని బీడీ తాగేవాడు."

అంతే. నూట పది ఇళ్లవాళ్లు విన్నారు. హాలప్ప మాస్తరు, "గది సంగతి దానపత్రంలో రాయిద్దామా?" అన్నాడు గానీ, షరతు పెట్టి ఇచ్చిన జాగాను ఆఫీసులో ఒప్పుకోరని తర్వాత ఆయనే తెలుసుకుని వచ్చాడు. "ద్యామి చెప్పింది కదా, మళ్లీ కాయితమెందుకు" అంది ఫకీరవ్వ. రిజిస్టరాఫీసులో ఆఫీసరు పత్రం చదివి, "ఏ షరతూ లేకుండా, నీ ఇష్టంతోనే ఇస్తున్నావా అవ్వా?" అని అడిగాడు. ఆమె ద్యామవ్వ వైపు చూసింది. ద్యామవ్వ తల ఊపింది. ఫకీరవ్వ వేలిముద్ర వేసి, ఆ సిరా వేలిని ద్యామవ్వ కొంగుకు తుడిచి, "ఇక నీ చీర కూడా సాక్షే" అంది. ఇద్దరూ నవ్వుకుంటూ బస్టాండులో మిర్చి బజ్జీలు, మరమరాలు తిని ఇంటికి వచ్చారు. ఆ రోజు వరకు ద్యామవ్వ మనసులో కల్మషం లేదు. ఈ మాట ఆమె పక్షాన చెప్పి తీరాలి.

మాఘంలో ఇల్లు తీసేశారు. దూలాలు రెండు మంచివి ఉంటే ఫకీరవ్వ వాటిని గేరిలోనే ఒకరికి ఇచ్చేసింది. తన పెట్టె, పెనం, పీట తీసుకుని ద్యామవ్వ వసారాకు మారింది. ఎనిమిది నెలలే కదా అనుకున్నారు.

మార్చి నెల మధ్యలో నదాఫ్ కబురు పెట్టాడు. ద్యామవ్వ ఒంటరిగా పోయింది. ఆయన బల్ల మీద నీలం గీతల కాగితం పరిచి వేలితో చూపించాడు. "ఇది హాలు. ఇది వంటశాల. ఇది సామాన్ల గది. ఇవి రెండూ మరుగుదొడ్లు. అధ్యక్షురాలిగా మీరు ఇక్కడ సంతకం పెట్టాలి."

ద్యామవ్వ కాగితాన్ని చాలాసేపు చూసింది. "గది యాడుంది సాహేబూ?" అని అడిగింది.

నదాఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అక్కా, ఏమేం కావాలో మాస్తరు రాసిచ్చిన కాగితంలో గది ఉంది. నేను చూసినాను. కానీ ఈ గ్రాంటుతో మనిషి కాపురముండే గది కట్టకూడదు. సముదాయ భవనం అందరిదీ. ఒకరి కాపురం అందులో పెడితే తనిఖీలో మొత్తం భవనమే తప్పవుతుంది. రాష్ట్రమంతా ఇదే రూలు."

"మరి..."

"మీకు సమ్మతం కాదంటే అట్లే రాసివ్వండి, పైకి పంపిస్తాను. ఫైలు తిరిగి రావడానికి టైము పడుతుంది. మార్చి ముప్పై ఒకటి దాటితే ఈ ఏటి గ్రాంటు వెనక్కి పోతుంది. వచ్చే ఏడు వస్తుందని నేను చెప్పలేను. రాదనీ చెప్పలేను." కొంచెం ఆగి, "ఇంకా పదిహేను రోజులున్నాయి. ఊరికి పోయి మాట్లాడుకుని రండి. తొందరేం లేదు" అన్నాడు.

ఆ పదిహేను రోజులే తర్వాత ద్యామవ్వను కాల్చుకు తిన్నాయి. ఆయన తొందరపెట్టి ఉంటే, బెదిరించి ఉంటే, తప్పు ఆయన నెత్తిన వేసేది. ఆయన చేయవలసిన మంచి అంతా చేశాడు. పోయి మాట్లాడుకుని రమ్మన్నాడు. గదగ్ నుంచి సంకనకొప్పకు గంటన్నర ప్రయాణం. ఆమె పోలేదు. పోతే గేరి రెండుగా చీలుతుందని, ఫకీరవ్వ కాదంటే తొమ్మిదేళ్ల తిరుగుడు బూడిదలో పోసిన పన్నీరవుతుందని, ఆ వానలో తన కూతురు తల వంచుకుని కూర్చున్న తీరు ఇంకొక పిల్లకు రాకూడదని, తనకు తాను చెప్పుకుంది. అవన్నీ నిజమే. వాటి కింద ఇంకో నిజం ఉంది. ఫకీరవ్వ ముందు నిలబడి ఆ మాట చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. కలం తీసుకుని, బొగ్గుతో నేర్చుకున్న మూడు అక్షరాలూ గీసిపెట్టింది.

ఇంటికొచ్చేసరికి ఫకీరవ్వ వసారాలో గోంగూర వలుస్తోంది.

"ఏమన్నాడు నీ ఇంజనీరు?"

"అయిపోయిందక్కా. పదిరోజుల్లో పునాది తీస్తారు."

"నా గది ఏ పక్కకు వస్తాది?"

ద్యామవ్వ చేయి ఎత్తి బట్టీ దొడ్డి ఉత్తరం మూల చూపించింది. "ఆ మూలకు." సామాన్ల గది వచ్చేది అక్కడే. కాబట్టి పూర్తిగా అబద్ధం కాదని అప్పటికి సర్ది చెప్పుకుంది. రేపు చెబుదాం, పునాది పడ్డాక చెబుదాం, కప్పు పడ్డాక తాళంచెవి చేతికిచ్చి ఎవరికీ తెలియకుండా అందులోనే పడుకోబెడదాం, అనుకుంటూ పోయింది. ఎప్పటికప్పుడు రేపటికి వాయిదా వేసింది.

గోడలు లేచాయి. ఫకీరవ్వ పొద్దునే బిందె తీసుకుని పోయేది. కట్టిన గోడకు నీళ్లు పట్టకపోతే పటుత్వం రాదు. కాంట్రాక్టరు మనిషి రోజుకొకసారి పైపైన చల్లి పోయేవాడు. ఆమె మాత్రం ఉత్తరం మూల గోడలకు మూడు పూటలా నీళ్లు పట్టేది. డెబ్బై ఏళ్ల మనిషి, కొళాయి నుంచి అక్కడికి నూరు అడుగులు. "నువ్వెందుకక్కా, వాళ్లు చూసుకుంటారు" అని ద్యామవ్వ అంటే, "వాళ్లు చూసుకునేది బిల్లును. గోడను ఎవరు చూసుకుంటారు" అనేది. ద్యామవ్వ ఆ పక్కకు పోవడం మానేసింది. పోవలసి వస్తే హాలు వైపు నుంచి పోయి హాలు వైపు నుంచే వచ్చేది.

ఒకరోజు మేస్త్రీ, మంచివాడే, పాపం ఆమె రోజూ నీళ్లు మోయడం చూసి, ఏదో మాట్లాడాలని మాట్లాడాడు. "అవ్వా, ఈ సామాన్ల గది మీద నీకింత ప్రేమ ఏమిటి?"

"సామాన్లదా? ఇది నా గదప్పా. కిటికీ ఇటు పెట్టు, మరిచిపోకు."

మేస్త్రీ నీలం కాగితం తెచ్చి చూపించాడు. "దీనికి కిటికీ లేదవ్వా. పైన గాలి కోసం రెండు కంతలు, అంతే. బియ్యం బస్తాలు, చాపలు పెట్టుకునే గది ఇది."

ఫకీరవ్వ బిందెలో మిగిలిన నీళ్లు గోడకే పోసింది. ఇంటికి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, రొట్టెలు తట్టింది. ద్యామవ్వ అన్నం దించుతోంది.

"హావేరిలో నా తమ్ముడి కొడుకు రమ్మంటున్నాడు. పోయి కొన్నాళ్లుంటాను" అంది ఫకీరవ్వ.

ఆ తమ్ముడి కొడుకు ఏడేళ్లుగా ఆమె ముఖం చూడలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అప్పుడు అడగవలసింది. 'ఎందుకు పోతున్నావక్కా' అన్న రెండు మాటలు అడిగితే చాలు, మిగిలినదంతా బయటపడేది, కొట్లాడుకునేవారు, ఏడ్చేవారు. ద్యామవ్వ గంటెతో అన్నం కలుపుతూ, "బస్సు ఎన్నింటికి?" అంది. అలా అంటున్నప్పుడు ఆమె ఎదలో బరువు దిగినట్టయింది. అమ్మయ్య అనిపించింది. మనిషి వెళ్లిపోతోందని కాదు, ఇక చెప్పే పని తప్పిందని. ఆ అమ్మయ్యను ఆమె ఎన్నటికీ క్షమించుకోలేకపోయింది.

ఫకీరవ్వ హావేరికి పోయాక నాలుగు నెలలకు భవనం పూర్తయింది. ప్రారంభానికి పిలవడానికి ద్యామవ్వ హావేరికి పోయింది. తమ్ముడి కొడుకుది వెల్డింగు అంగడి. అంగడి వెనక రేకుల కింద నులక మంచం మీద ఫకీరవ్వ కూర్చుని ఉంది. చిక్కిపోయింది. చూడగానే, "టీ చెప్తాను ఉండు" అని లేవబోయింది.

టీ వచ్చింది. తాగారు. అంగడిలో ఇనుము కోస్తున్న చప్పుడుకు మధ్య మధ్య ఆగుతూ మాట్లాడుకున్నారు.

"గది రాదని నీకు ముందే తెలుసు కదా ద్యామీ?"

ద్యామవ్వ టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత, "తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"పునాది తీయకముందు నుంచి."

ఫకీరవ్వ తల పంకించింది. "అనుకున్న. ఆ మూల చూపించేటప్పుడు నువ్వు నా మొహం చూడలేదు. గోడ చూస్తున్నట్టు చూసినావు. అప్పటికి అక్కడ గోడ యాడుంది?"

"మరి అన్ని నెలలు నీళ్లెందుకు మోసినావక్కా?"

"నాదే చెడ్డ అనుమానమేమో అనుకున్న. ఇరవై రెండేళ్లు పక్కన కూర్చున్న దాన్ని అనుమానిస్తున్నానే అని సిగ్గేసింది." చప్పుడు ఆగే దాకా ఆగి, మెల్లగా అంది. "ఆ పొద్దే వచ్చి చెప్పింటే, పో, సంతకం పెట్టు అనేదాన్ని. ఒక గది కోసం భవనం వద్దంటానా? మన గేరిలో పెళ్లి కావాల్సిన పిల్లలు ఎంతమంది. ఏదో ఒకటి చూసుకునేవాళ్లం. నీ వసారాలోనే పడుండేదాన్ని. ఇప్పుడు నీ వసారాలో ఎట్లుండాల?"

ద్యామవ్వకు ఏడుపు రాలేదు. వచ్చినా బాగుండేది. "ప్రారంభానికి రా అక్కా. నీ చేత్తో తాళం తీయిస్తాను" అంది.

"వస్తాను గాని," అంది ఫకీరవ్వ, "వచ్చి యాడ దిగాల?"

ద్యామవ్వ సంచీ తీసుకుని లేచింది. తమ్ముడి కొడుకు బస్టాండు దాకా వచ్చి సాగనంపాడు. అతను చెడ్డవాడేం కాదు. అత్త వచ్చింది, ఒక మూల చోటిచ్చాడు. అంతకు మించి అతని దగ్గర లేదు.

ఫకీరవ్వ రాకుండానే ప్రారంభం ఘనంగా జరిగింది. భవనం తెరవడానికి పిలిచిన పెద్దమనిషి మూడు గంటలు ఆలస్యంగా వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడాడు. ద్యామవ్వకు శాలువా కప్పారు. తలుపు పక్కన నాపరాయి మీద పదకొండు పేర్లు చెక్కి ఉన్నాయి. ఫకీరవ్వ పేరు లేదు. రాయి గదగ్‌లో చెక్కించి తెచ్చారని, పేర్ల వరస పైవాళ్లు ఇచ్చిందని మాస్తరు అన్నాడు. ద్యామవ్వ పెయింటరును పిలిచి తలుపు పైన 'జాగా ఇచ్చినవారు ఫకీరవ్వ' అని రాయించింది.

ఆ ఏడు ఆషాఢం రాకముందే భవనంలో తొమ్మిది పెళ్లిళ్లయ్యాయి. గేరి ఆడపిల్లలు ముందు తలుపు నుంచి, మేళంతో లోపలికి వచ్చారు. ఒక పెళ్లిలో, మధ్యాహ్నం బంతి నడుస్తుంటే, పెద్ద వాన పడి వెలిసింది. తింటున్నవాళ్లకు చేతులు కడుక్కోవడానికి బయటికి వచ్చేదాకా తెలియలేదు. ద్యామవ్వ వంటశాల గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. ఆమె కోరుకున్నది అచ్చం అదే. వరుసగా కూర్చుని తింటున్న చుట్టాలను చూస్తే కళ్లు నిండాలి. నిండలేదు. బంతి అయ్యాక అందరూ పిలిచినా ఆమె అక్కడ విస్తరి ముందు కూర్చోలేదు. పని ఉందని చెప్పి, ఇంటికి పోయి, పొద్దుటి రొట్టె తింది. అది చివరికి అలవాటైపోయింది. "పది మందికి వండే చేతికి ఆకలుండదు" అని జనం తామే ఒక కారణం చెప్పుకున్నారు.

రెండేళ్ల తర్వాత, ఒక మంగళవారం, హావేరి నుంచి ఎవరో వచ్చి, ఫకీరవ్వ పోయి నాలుగు రోజులైందని చెప్పారు. జ్వరం అన్నారు. కబురు చేయడానికి తమ్ముడి కొడుకు దగ్గర సంకనకొప్ప వాళ్ల నంబరు లేదట. మట్టి చేసేశారు.

పదకొండో రోజు భోజనం భవనంలో పెడతానని ద్యామవ్వ సంఘంలో అడిగింది. శుభకార్యాలకే ఇవ్వాలని కొందరన్నారు. "ఆమె ఇవ్వకపోతే ఆ శుభకార్యం యాడ చేసుకునేవాళ్లురా మీరు" అని మాస్తరు గద్దించాడు. ఆ రోజు గేరి అంతా వచ్చింది. హుగ్గి, చపాతీ, గుత్తి వంకాయ, సారు. రొట్టెలు మాత్రం ద్యామవ్వ ఎవరినీ తట్టనివ్వలేదు. తానే తట్టింది, సరిగా రాలేదు, మందంగా వచ్చాయి.

మొదటి బంతి కూర్చోగానే ఆమె మధ్యలో నిలబడింది. ఎప్పుడూ అంతమంది ముందు మాట్లాడింది లేదు.

"ఒక మాట చెప్పాల. ఫకీరక్కకు గది వేయిస్తానని మీ అందరి ముందు చెప్పినాను. గది రాదని నాకు మొదటే తెలుసు. పునాదికి ముందే కాయితం చూసినాను. పదిహేను రోజులు టైమిచ్చినారు. నేను వచ్చి మీతో చెప్పలేదు, ఆమెతో చెప్పలేదు. సంతకం పెట్టి వచ్చి, ఆమెకు అబద్ధం చెప్పినాను. ఆమె ఊరు విడిచి పోయింది దానికే."

 ఒక ముసలాయన విస్తరి మీద చేయి ఆపి, "పోనీలే తల్లీ, నువ్వు చేసింది మన కోసమే కదా" అన్నాడు. పక్కామె, "రూలు అట్లుంటే నువ్వేం చేస్తావు" అంది. ఇంకెవరో, "జరిగిపోయిందానికి ఇప్పుడెందుకక్కా, ఆ చివర చపాతీలు రాలేదు చూడు" అన్నారు. కొత్తగా గేరికి కోడలై వచ్చిన పిల్ల ఒకతి, పక్కన కూర్చున్న అత్తను, "ఫకీరవ్వ అంటే ఎవరత్తా?" అని గుసగుసగా అడిగింది. అత్త చెప్పసాగింది.

ద్యామవ్వ చపాతీల బుట్ట ఎత్తుకుని ఆ చివరికి పోయింది. ఎవరైనా తిడతారేమో అనుకుంది. తిడితే ఎంత బాగుండునో అనుకుంది. తిట్టే హక్కు ఉన్న మనిషి తిట్టకుండానే పోయింది. మిగిలినవాళ్లంతా ఆమె వల్ల నీడ దొరికినవాళ్లు, వాళ్లు తిట్టరు. అందరూ కడుపునిండా తిని, చేతులు కడుక్కుని, దండం పెట్టి వెళ్లారు.

ఆ పై ఏడు ఆమె అధ్యక్ష పదవి వదిలేసింది. వంటలకు మాత్రం పోతూనే ఉంది. గ్రాంటు ఎలా తెచ్చుకోవాలో అడగడానికి చుట్టుపక్కల చిన్న టౌన్ల నుంచి ఆమె దగ్గరికి జనం వచ్చేవారు. ఒకసారి బుట్టలల్లే వీధి వాళ్లు నలుగురు జీపులో వచ్చారు. సంఘం ఎలా రిజిస్టరు చేయాలి, అర్జీ నకళ్లు ఎన్ని ఉంచుకోవాలి, ఏ బల్ల దగ్గర ఏ వేళకు నిలబడాలి, అన్నీ ఓపికగా చెప్పింది. వాళ్లు రాసుకున్నారు. లేవబోతుంటే అడిగింది.

"జాగా ఎవరిస్తున్నారు?"

"ఒక ముసలాయన ఉన్నాడవ్వా. ఒప్పుకున్నాడు."

"ఆఫీసుకు పోయిన ప్రతిసారీ ఆయన్ని వెంట తీసుకుపోండి."

వాళ్లు ముఖాలు చూసుకున్నారు. "ఆయనకు అక్కడేం పనవ్వా? చదువు రాదు, నడవలేడు. ఆయనకు తెలియాల్సింది మేం చెప్తాం కదా."

"చెప్పరప్పా" అంది ద్యామవ్వ. "చెప్పాలనే అనుకుంటారు. చెప్పరు. ఎత్తుకునైనా పోండి."

ముసలితనంలో చాదస్తం అనుకున్నారో ఏమో, అలాగే అని తల ఊపి, జీపెక్కి వెళ్లిపోయారు. వాళ్లు ఆయన్ని తీసుకుపోయారో లేదో ఆమెకు తెలియలేదు. మరునాడు ముండరగి దారిలో ఒక పెళ్లి ఉంది. గోధుమలు నానబెట్టడానికి లేచింది.